క్యూలో 24 ఏళ్లు

అధ్యక్షులకు, సభకు నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ లక్షల మైళ్లు ఎగిరిన మనిషి అన్నారు. వినడానికి బాగుంది. కానీ ఎగిరింది విమానం, నడిపింది పైలట్. నేను చేసిందల్లా ఇచ్చిన సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవడం. నిజానికి కూర్చున్నదానికంటే నిలబడిందే ఎక్కువ. ఈ రోజు ఆ నిలబడటం గురించే చెప్పాలని వచ్చాను.

అచ్చు యంత్రాలు కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లి వాటిని బిగించి, నడిపి చూపించి, అప్పగించి రావడం నా ఉద్యోగం. యంత్రం ఓడలో వెళ్లేది, నేను విమానంలో వెళ్లేవాణ్ణి. 24 ఏళ్లు ఇదే పని. ఒక రాత్రి హోటల్ గదిలో నిద్ర పట్టక, బోర్డింగ్ పాస్ వెనక ఒక లెక్క వేశాను. ఆ రోజు ఇంటికి తాళం వేసిన క్షణం నుంచి హోటల్ గది తలుపు తెరిచేదాకా పట్టినది తొమ్మిది గంటలు. అందులో చక్రాలు నేలను వదిలి మళ్లీ నేలను తాకేదాకా గంటా యాభై నిమిషాలు. మిగిలిన ఏడు గంటల పది నిమిషాల్లో రోడ్డు ప్రయాణం తీసేస్తే, అంతా ఎవరో ఒకరి వీపు చూస్తూ గడిపినదే. సామాను అప్పగించే చోట ఒక వీపు, తనిఖీ దగ్గర ఒక వీపు, పాస్‌పోర్టు బల్ల ముందు ఒకటి, గేటు దగ్గర ఒకటి, విమానం లోపల నడవలో ఇంకొకటి.

ఆ రాత్రి నాకొక అనుమానం పుట్టింది. తర్వాత్తర్వాత అది ముదిరి నమ్మకమైంది. విమానాన్ని ఎగరేయడం ఈ సంస్థలకు ఖర్చు. రాబడి క్యూ మీద. క్యూ కట్టించేది వాళ్లే, దాన్ని తప్పించుకునే హక్కు అమ్మేదీ వాళ్లే. ఇది తిట్టు కాదు. అచ్చు యంత్రాల మనిషిని కదా, ఏ యంత్రం చూసినా పళ్లచక్రం ఎక్కడుందో వెతకడం అలవాటు. వెతికితే ఇక్కడ దొరికింది.

ఈ వ్యాపారం మొదటి రోజునే మొదలైంది. 1914 జనవరి 1న అమెరికాలోని ఫ్లోరిడాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ట్యాంపాకు, వేళాపట్టిక ప్రకారం నడిచే మొట్టమొదటి ప్రయాణికుల విమానం బయలుదేరింది. నీటి మీద నుంచి లేచి నీటి మీదే దిగే చిన్న విమానం. టోనీ జానస్ పైలట్. ఆయన పక్కన ఒక్కరికే చోటు. పడవలో రెండు గంటలు పట్టే దూరాన్ని 23 నిమిషాల్లో దాటారు. టికెట్ మామూలు ధర 5 డాలర్లు. అయితే ఆ మొదటి సీటును నిర్వాహకులు వేలం వేశారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ మాజీ మేయరు ఏబ్రమ్ ఫైల్ దాన్ని 400 డాలర్లకు పాడుకున్నాడు. అంటే 5 డాలర్ల సీటుకు 400! చరిత్రలో మొదటి విమాన టికెట్టే వేలంపాటలో పోయింది. సామాను సంగతి కూడా వినండి. మనిషీ సామానూ కలిపి 200 పౌండ్లు దాటితే, ఆపైన ప్రతి 100 పౌండ్లకు మరో 5 డాలర్లు. ఈ మధ్యనే పెట్టెలకు డబ్బు గుంజడం నేర్చారని బాధపడేవాళ్లకు నేను ఈ కథ చెబుతుంటాను. ఇది నడమంత్రపు బుద్ధి కాదండీ, పుట్టుమచ్చ. (నవ్వులు) ఆ సర్వీసు నాలుగు నెలలు నడిచి మూతపడింది. ఆ ఆనవాయితీ కూడా అక్కడి నుంచే వచ్చింది లెండి.

మధ్యలో చాలాకాలం ధరలు స్థిరంగానే ఉన్నాయి. అమెరికాలో 1978 దాకా ఏ దారికి ఎంత తీసుకోవాలో ప్రభుత్వ సంస్థే తేల్చేది. ధరలో పోటీకి వీల్లేదు గనుక మర్యాదలో, భోజనంలో పోటీ పడేవాళ్లు. ఆ ఏడాది చట్టం మారింది. చవక టికెట్ల సంస్థలు పుట్టుకొచ్చాయి. వాటిలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ పాతవాళ్లకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఒక విరుగుడు కనిపెట్టింది. అన్ని సీట్లూ చవకగా ఇవ్వనక్కర్లేదు. ఎలాగూ ఖాళీగా పోయేవాటిని, చాలా ముందుగా కొనుక్కునేవాళ్లకు మాత్రం చవకగా ఇస్తే చాలు. ఆఖరి రోజున పరుగెత్తుకుంటూ వచ్చే ఆఫీసు మనిషి ఎంతైనా కడతాడు, ఎందుకంటే కట్టేది ఆయన కాదు. ఏ విమానంలో ఎన్ని చవక సీట్లన్నది కంప్యూటర్ లెక్క. మరుసటి ఏడాదే పీపుల్ ఎక్స్‌ప్రెస్ ఇంకొకరి చేతుల్లోకి పోయింది.

అప్పటి నుంచి ఒకే వరుసలో మోచేతులు రాసుకుంటూ కూర్చున్న ముగ్గురు మూడు ధరలు కట్టి ఉంటారు. పక్కవాళ్ల టికెట్ ధర అడగవద్దని నా దగ్గర పనికి చేరిన కుర్రవాళ్లకు చెప్పేవాణ్ణి. తెలిశాక మీకైనా భోజనం సహించదు, వాళ్లకైనా సహించదు. మీ టికెట్ మీద ఎక్కడో ఒక మూల ఒకే ఒక్క అక్షరం ఉంటుంది, వై అనో, ఎం అనో, క్యూ అనో. అది సీటు అంకె కాదు. అది మీ జాతకం. టికెట్ మార్చుకోవచ్చా, రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుంది, మైళ్లు ఎన్ని జమ అవుతాయి, అన్నీ అందులోనే ఉంటాయి. ధర చూసి కొనేవాళ్లు కోట్లమంది, ఆ అక్షరం చూసి కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

వెనక నుంచి ఎవరో మంగళవారం కొంటే చవకా అని అడుగుతున్నారు. వారానికీ ధరకీ పెళ్లి చేయకండి. మిగిలిన సీట్లెన్ని, మిగిలిన రోజులెన్ని, గతంలో ఈ విమానం ఎంత వేగంగా నిండింది: యంత్రం చూసేది ఇవే. అది పంచాంగం చూడదు. (నవ్వులు)

ఇక మైళ్లు. ఇక్కడ నేను నేరం ఒప్పుకోవాలి.

ఎగిరిన దూరాన్ని లెక్కగట్టి కానుకలిచ్చే పద్ధతిని 1979లో టెక్సస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ మొదలుపెట్టింది. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దాన్ని పెద్ద ఎత్తున అందుకుంది. తర్వాత అందరూ అదే బాట. కిటుకు చూడండి. టికెట్ డబ్బు ఆఫీసుది, ఏ విమానం ఎక్కాలో తేల్చేది ఉద్యోగి. కాబట్టి కానుక ఉద్యోగికి. ఇంకే వ్యాపారంలోనైనా దీన్ని లంచం అంటారు.

నేనూ తిన్నాను. ఒక డిసెంబరులో, ఎక్కువ మైళ్లు ఎగిరేవాళ్లకు సంస్థ ఇచ్చే బంగారు రంగు కార్డు నిలబెట్టుకోవడానికి నాకు 1,400 మైళ్లు తక్కువయ్యాయి. ఒక శనివారం పొద్దున ఏ పనీ లేని ఒక నగరానికి టికెట్ కొనుక్కుని వెళ్లాను. దిగాను. విమానాశ్రయం గడప దాటలేదు. గంట తర్వాత అదే విమానం వెనక్కి వెళ్తోంది, అందులోనే ఎక్కాను. నన్ను నవ్వుతూ సాగనంపిన ఆవిడే తలుపు దగ్గర నిలబడి ఉంది. ‘‘ఏమైనా మరచిపోయారా సార్?’’ అని అడిగింది. అవునన్నాను. సీటు జేబులోంచి నా పత్రికే తీసి, ఇదేనా అని ఎంతో ఆనందంగా ఇచ్చింది. మైళ్ల కోసం వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. పత్రిక తీసుకుని కృతజ్ఞతలు చెప్పాను.

నాకంటే ముదుర్లు ఉన్నారు. 1999లో అమెరికాలో ఒక ఇంజినీరు, పుడ్డింగు డబ్బాల మీది చీటీలు పంపితే మైళ్లు ఇస్తారన్న ప్రకటన చదివి కాగితం మీద లెక్క వేశాడు. 12,150 కప్పులు కొన్నాడు. అయిన ఖర్చు సుమారు 3 వేల డాలర్లు, వచ్చినవి 12 లక్షలకు పైగా మైళ్లు. చీటీలు చింపడం ఒక్కడివల్ల కాక ఒక సేవాసంస్థ సాయం తీసుకుని, పుడ్డింగంతా వాళ్లకే దానం చేశాడు. ఆయన లెక్కలో గెలిచాడు. లెక్కలో ఓడిన కథ సంస్థలవైపు ఉంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండున్నర లక్షల డాలర్లు కట్టినవాళ్లకు జీవితాంతం మొదటి తరగతిలో ఎంతైనా ఎగరవచ్చని పాసు అమ్మింది. కొన్నవాళ్లు నిజంగానే ఎగిరారు. మధ్యాహ్న భోజనానికి ఒక నగరం, రాత్రికి మరో నగరం. జీవితాంతం అన్న మాటను మనుషులు అక్షరాలా తీసుకుంటారని ఎవరూ ఊహించలేదు. 2008లో నియమాలు తప్పారంటూ కొందరి పాసులు రద్దు చేశారు, వ్యవహారం కోర్టుకెక్కింది.

ఈ కార్డులు మనకిచ్చేది ఏమిటి? నిజాయితీగా చూస్తే ముందు నిలబడే హక్కు. అదీ ఎంతసేపు? తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. వెండి కార్డు తీసుకుని గర్వంగా ముందుకెళితే బంగారు కార్డువాళ్లు అప్పటికే నిలబడి ఉంటారు. బంగారం వచ్చేసరికి ప్లాటినం అని పేరు పెడతారు. నాకు బంగారం వచ్చిన ఏడాది ఒక గేటు దగ్గర మా ప్రత్యేక వరుసలో అరవై మంది ఉన్నాం. పక్కన మామూలు వరుసలో పదకొండు మంది. మేం కదల్లేదు. హోదా పోతుందని. (నవ్వులు)

ఇదంతా చిల్లర వ్యవహారం అనుకోకండి. 2020లో ఆకాశం ఖాళీ అయి సంస్థలు అప్పులకు తిరుగుతున్నప్పుడు, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్ల అప్పు మాట్లాడుకుంది. ఆ పథకం విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లని చూపించింది. ఆ రోజుల్లో స్టాక్ మార్కెట్లో మొత్తం కంపెనీ విలువ అందులో సగం దగ్గర ఉంది. అంటే విమానాలు, గేట్లు, వేలమంది సిబ్బంది అన్నీ ఒక తక్కెట్లో పెట్టి, మన మైళ్ల ఖాతాలు మరో తక్కెట్లో పెడితే ఖాతాలవైపే మొగ్గింది. మైళ్లను బ్యాంకులకు టోకున అమ్ముతారు, బ్యాంకులు క్రెడిట్ కార్డులతో మనకు పంచుతాయి. క్యూ మీద రాబడి అని ఇందాక నేనన్నది ఊరికే కాదు.

ఇప్పుడు క్యూలో ఆఖరివాడి సంగతి చూద్దాం. సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మడం మీకు తెలిసిందే. కొందరు రారన్న ధైర్యం. అందరూ వచ్చిన రోజున గొడవ. 1972లో అమెరికాలో రాల్ఫ్ నాడర్‌ను ఇలాగే గేటు దగ్గర ఆపేశారు. వినియోగదారుల హక్కుల కోసం పోరాడటమే ఆయన వృత్తి. ఆపకూడని మనిషిని ఆపారు. కేసు 1976లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంతకుముందే, 1968లో, జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త ఒక ఉపాయం రాశాడు: ఎవరినో బలవంతంగా దించడమెందుకు, ఎంతిస్తే ఆగుతారో ప్రయాణికులనే అడగండి, తక్కువకు ఒప్పుకున్నవాళ్లకు ఇచ్చి ఆపండి. సంస్థలు నవ్వేశాయి. పదేళ్ల తర్వాత 1978లో, ముందు స్వచ్ఛందంగా ఆగేవాళ్లను అడగాలన్నది అక్కడ నియమమైంది. మొదటి సీటు ఎక్కడానికి వేలం జరిగితే, ఇది దిగడానికి వేలం.

ఒక సాయంత్రం నేను చూసిన వేలం చెబుతాను. నాలుగు సీట్లు తక్కువ. గేటు దగ్గరి ఆవిడ మైకులో ఒక మొత్తం చెప్పింది. అందరూ బూట్ల వైపు చూసుకున్నారు. కాసేపటికి ఇంకాస్త పెంచింది. మూడోసారి పెంచినప్పుడు, నేల మీద కూర్చుని చదువుకుంటున్న ఒక విద్యార్థిని పుస్తకంలో వేలు పెట్టి లేచింది. వెంటనే సరే అనలేదు. మూడు ప్రశ్నలు అడిగింది. రేపటి విమానంలో నాకు సీటు ఖాయమా, లేక ఖాళీ ఉంటేనా? రాత్రి బసా భోజనం మీవేనా? మీరిచ్చేది డబ్బా, కూపనా, కూపనైతే గడువెంత? మూడింటికీ జవాబు కాగితం మీద రాయించుకుంది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ల అనుభవం. ఒక్క ప్రశ్నా నాకు ఎప్పుడూ తట్టలేదు. తర్వాత రెండుసార్లు నేనూ ఆగాను, ఆ అమ్మాయి ప్రశ్నలే అడిగాను.

ఎవరూ ఆగకపోతే? చాలా సంస్థల్లో కార్డు లేనివాళ్లు, తక్కువ ధర కట్టినవాళ్లు, ఆఖర్న చెక్-ఇన్ చేసినవాళ్లు బలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, టికెట్ చేతిలో ఉన్నా సీటు ఉండదు. 2017లో షికాగోలో, యునైటెడ్ విమానంలో అప్పటికే సీట్లో కూర్చున్న ప్రయాణికుణ్ణి భద్రతా అధికారులు నడవలో ఈడ్చుకెళ్లిన దృశ్యం లోకమంతా చూసింది. ఆ తర్వాత యునైటెడ్ స్వచ్ఛందంగా ఆగేవాళ్లకిచ్చే గరిష్ఠ మొత్తాన్ని 10 వేల డాలర్లకు పెంచింది. సైమన్ ఉపాయం అప్పటికి పూర్తిగా అర్థమైందన్నమాట.

విమానం ఎక్కించే పద్ధతి చూస్తే నాకు ఇంకా నవ్వొస్తుంది. వెనక వరుసల నుంచి ముందుకు ఎక్కిస్తే తొందరగా అవుతుందని అందరికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. 2008లో జేసన్ స్టెఫెన్ అనే భౌతికశాస్త్రవేత్త కంప్యూటర్‌లో లెక్కగట్టి అది దాదాపు అధమమైన పద్ధతని తేల్చాడు. కారణం సులువు. వెనక అయిదు వరుసలవాళ్లు ఒకేసారి వెళితే అందరూ ఒకే చోట సంచులు పైకెత్తుతుంటారు, మిగతా నడవంతా ఖాళీ. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఎక్కినా ఇంతకంటే త్వరగా అవుతుంది. ముందు కిటికీవాళ్లు, తర్వాత మధ్యవాళ్లు, ఆఖర్న నడవ పక్కవాళ్లు, అదీ వరుస విడిచి వరుస ఎక్కితే ఇంకా మేలు. మరి పాటించరేం? ముందు ఎక్కే హక్కును అప్పటికే అమ్మేశారు కనుక. కార్డువాళ్లు, మొదటి తరగతివాళ్లు ముందు వెళ్లి నడవకు అడ్డం నిలబడాలి. త్వరగా ఎక్కించే పద్ధతి తెలుసు. దానివల్ల వచ్చేదానికంటే ఆలస్యం అమ్ముకుంటే వచ్చేది ఎక్కువ. 2023లో యునైటెడ్ కిటికీ, మధ్య, నడవ క్రమాన్ని తెచ్చింది, కానీ కార్డుల వరుస అయ్యాకే.

ఆకాశంలోకి వచ్చాక చెప్పుకోవడానికి తక్కువ ఉంది. భోజనం రుచిగా లేదని వంటవాళ్లను తిట్టకండి. లోపలి గాలి పీడనం సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నట్టుంటుంది, గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు, ముక్కు ఎండిపోతుంది, ఇంజిన్ల హోరు ఆగదు. ఉప్పు, తీపి నాలుకకు సరిగా అందవు. నేల మీద టమాటా రసం ముట్టనివాళ్లు పైన అడిగి మరీ ఎందుకు తాగుతున్నారని జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సాకు అనుమానం వచ్చింది. 2010లో పరిశోధకుల చేత నేల మీదే విమానం లాంటి గదిలో పరీక్షలు చేయించారు. పులుపు, పండు రుచి అంత తగ్గవని తేలింది. నేను మాత్రం ఎక్కేముందే తినేస్తాను. శాస్త్రం కంటే అది సులువు.

సిబ్బంది గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మీరు పై అరలో పట్టని సంచిని కుక్కుతూ వాళ్లను కసురుకుంటున్నప్పుడు, చాలా సంస్థల్లో వాళ్ల గంట జీతం ఇంకా మొదలై ఉండదు. తలుపు మూశాకే గడియారం నడుస్తుంది. ఎక్కించే సమయానికి జీతం, అదీ సగం లెక్కన, అమెరికా పెద్ద సంస్థల్లో మొదటిసారి డెల్టా ఇచ్చింది 2022లో. ఈ వ్యాపారంలో క్యూకు కూలి లేకుండా పనిచేసేవాళ్లు వాళ్లే.

ఒకసారి నాకు సిబ్బంది మడత సీటుకు ఎదురుగా చోటు దొరికింది. విమానం రన్‌వే మీద పరుగు అందుకుంటోంది. ఎదురుగా కూర్చున్నావిడ రెండు పాదాలూ నేలకు ఆనించి, అరచేతులు పైకి తిప్పి తొడల కింద పెట్టుకుని, తల వెనక్కి ఆనించి, నా వైపు చూస్తూనే నన్ను చూడటం లేదు. పెదవులు కొద్దిగా కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. పైకెళ్లాక అడిగాను. ‘‘ప్రార్థన కాదండీ, పాఠం. ఏ తలుపు నాది, పిడి ఎటు తిప్పాలి, బయట మంట కనిపిస్తే ఎటు పంపాలి, ఏమని అరవాలి. ప్రతిసారీ ఒకసారి మనసులో చదువుకుంటాం’’ అంది. ఎన్నో ఏళ్లుగా చేస్తోందట. ఒక్కసారీ అవసరం పడలేదట. చెప్పి, నవ్వి, టీ బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ అసలు ఉద్యోగం నేను చూసింది ఆ అర నిమిషమే.

కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చేముందు, సగం తలుపులు మూసేసి, చీకట్లో, 90 సెకన్లలో అందరూ దిగగలరని నిరూపించాలి. 2006లో ఎయిర్‌బస్ ఎ380 నుంచి 873 మంది 78 సెకన్లలో దిగారు. అది పరీక్ష. నిజం 2024 జనవరి 2న టోక్యోలోని హనేడాలో ఎదురైంది. రన్‌వే మీద తీర రక్షక దళం విమానాన్ని ఢీకొని జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం మంటల్లో చిక్కుకుంది. చిన్న విమానంలోని ఆరుగురిలో అయిదుగురు చనిపోయారు. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు. సంచులు లోపలే వదిలి వచ్చారు. నడవలో సంచి కోసం చెయ్యెత్తిన ప్రతి మనిషీ వెనకవాళ్ల దారికి అడ్డం. ముందు నిలబడే హక్కుకు, కార్డు రంగుకు ఆ రోజున విలువ లేదు. నా జీవితంలో నేను మెచ్చిన క్యూ అదొక్కటే, అందులో నేను లేను.

ఇక దిగుదాం. సమయం అయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. పైలట్ కూడా ముందే చేరుకున్నామని ప్రకటిస్తాడు, చప్పట్లు కొట్టకండి. ఆలస్యాలను ముందే ఊహించి వేళాపట్టికలో నిమిషాలు కలిపి ఉంచుతారు. ఆపైన 15 నిమిషాల లోపు ఆలస్యమైతే లెక్కల్లో అది సకాలమే.

లగేజీ బెల్టు దగ్గర ఒక కథ చెప్పి ముగిస్తాను. అమెరికాలోని హ్యూస్టన్ విమానాశ్రయంలో పెట్టెలు ఆలస్యమని ఒకటే ఫిర్యాదులు. మనుషుల్ని పెంచారు, పెట్టెలు ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తున్నాయి. ఫిర్యాదులు ఆగలేదు. చూస్తే, జనం నిమిషంలో బెల్టు దగ్గరికి చేరి ఏడు నిమిషాలు నిలబడుతున్నారు. అప్పుడు విమానాలను దూరపు గేట్ల దగ్గర ఆపి, పెట్టెలను దూరపు బెల్టు మీదికి మళ్లించారు. జనం నడిచి నడిచి వచ్చేసరికి పెట్టె సిద్ధం. ఫిర్యాదులు దాదాపు మాయమయ్యాయి. ఒక్క నిమిషం కూడా ఎవరికీ మిగల్లేదు. నిలబడే సమయాన్ని నడిచే సమయంగా మార్చారంతే.

నా పెట్టె మాత్రం ఒకసారి ఎంత నడిచినా రాలేదు. దానికి బంగారు కార్డువాళ్లకు కట్టే చీటీ ఉంది, అందరికంటే ముందు దించాలని రాసి ఉండే చీటీ. బెల్టు తిరిగి తిరిగి ఆగింది. ఆ సంస్థ బల్ల దగ్గర ఒక కుర్రవాడు బొమ్మలున్న అట్ట ముందుకు జరిపాడు. రకరకాల పెట్టెల బొమ్మలు, రంగులు, లోకమంతా దాదాపు ఒకటే పట్టిక. మీది ఏది అన్నాడు. నలుపు అన్నాను. చక్రాలు రెండా, నాలుగా? ఆలోచించాను. తొమ్మిదేళ్లుగా ఈడుస్తున్న పెట్టె. తెలియలేదు. సిగ్గు విడిచి ఇంటికి ఫోన్ చేశాను. ‘‘నలుపు కాదు, ముదురు నీలం. నాలుగు చక్రాలు, అందులో ఒకటి విరిగి రెండేళ్లయింది, బాగు చేయించమని మీకు చెబుతూనే ఉన్నాను’’ అంది నా భార్య. కుర్రవాడు తల వంచుకుని రాసుకున్నాడు.

ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఆ బల్ల దగ్గర కాగితం రాయించుకోకుండా విమానాశ్రయం దాటకండి. పెట్టె చీటీలోని పది అంకెలు పారేయకండి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా చేరితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క, పరిహారం అడగవచ్చు. ఎక్కేముందు పెట్టెకు ఫోటో తీయండి. భార్యకు ఫోన్ చేసే అవసరం ఉండదు.

నాది నాలుగో రోజున వచ్చింది. హోటల్ గుమ్మంలో దాన్ని చూసి ముందు గుర్తుపట్టలేదు. నిజంగానే ముదురు నీలం. పిడికి నా చీటీ పక్కన మరో రెండు చీటీలు వేలాడుతున్నాయి. వాటి మీద మూడక్షరాల గుర్తులతో రాసి ఉన్న ఊళ్లకు నేను ఎన్నడూ వెళ్లలేదు. లెక్క వేశాను, అలవాటు కదా. ఆ నాలుగు రోజుల్లో అది నాకంటే 5 వేల మైళ్లు ఎక్కువ తిరిగింది. వాటిని నా ఖాతాలో వేయమని సంస్థకు ఉత్తరం రాశాను. ప్రయాణించింది మీరు కాదు గనుక కుదరదని మర్యాదగా జవాబు ఇచ్చారు.